అల్యూమినా లిక్కర్‌లో లెక్కకు అందని కర్బనం

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు సరుకు తెచ్చే మిర్చి రైతుల్లో హ్యూమిక్ యాసిడ్ పేరు తెలియనివాళ్లు తక్కువ. ఎరువుల దుకాణాల్లో ఆ డబ్బాలు వరుసగా పేర్చి ఉంటాయి. కొందరు డ్రిప్‌లో వదులుతారు, కొందరు పిచికారీ చేస్తారు. మూత తీస్తే లోపల చిక్కటి కాఫీ డికాక్షన్ లాంటి నల్లటి ద్రవం ఉంటుంది. లిగ్నైట్ లాంటి నాసిరకం బొగ్గును కాస్టిక్ పొటాష్‌తో ఉడికించి తీసే సారం ఇది. ఒకప్పటి ఆకులు, వేర్లు కుళ్లి, మట్టిలో కలిసిపోయి మిగిలిన పదార్థం. చెరువు పూడిక మట్టికి ఆ నలుపు రావడం వెనుక ఉన్నదీ చాలావరకు ఈ కోవ పదార్థమే.

ఇదే సారం అల్యూమినా, అంటే అల్యూమినియం లోహానికి ముడిసరుకైన తెల్లటి పొడి, తీసే రిఫైనరీలో ఎవరూ అడగకుండానే తయారవుతుంది. అక్కడ బాక్సైట్ అనే ఖనిజాన్ని కాస్టిక్ సోడాలో ఉడికిస్తారు. బాక్సైట్ అడవుల కింద, కొండల మీద దొరికే ఖనిజం కాబట్టి వేర్ల అవశేషాలు, కుళ్లిన ఆకుల సారం దానితోపాటే వస్తాయి. కాస్టిక్ అల్యూమినాను ఎలా లాగుతుందో వాటినీ అలాగే లాగుతుంది. రైతు డబ్బు పెట్టి కొనే సరుకు ఆ ఫ్యాక్టరీకి వదలని పీడ. దాన్ని వదిలించుకోవాలంటే ముందు కొలవాలి. చూడటానికి సులువుగా కనిపించే ఈ కొలత దగ్గరే అసలు తిప్పలు మొదలవుతాయి.

ఒక్క మాట. లిక్కర్ అంటే ఇక్కడ మందు కాదు. అల్యూమినా కరిగి ఉన్న కాస్టిక్ ద్రావణాన్ని ఈ పరిశ్రమలో లిక్కర్ అంటారు. అల్యూమినా నిండుగా ఉన్నప్పుడు ప్రెగ్నెంట్ లిక్కర్, దించేసుకున్నాక స్పెంట్ లిక్కర్.

ఉత్తర తెలంగాణలో అల్యూమినా రిఫైనరీ లేదు. ఒడిశా కోరాపుట్ జిల్లా దామంజోడిలో నాల్కో ప్లాంటు, ఆ చుట్టుపక్కల జిల్లాల్లో మరికొన్ని ఉన్నాయి. అల్యూమినియం మీద పరిశోధన కోసం పెట్టిన జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రం నాగపూర్‌లో ఉంది, కాజీపేటలో బల్లార్షా వైపు రైలెక్కితే అదే దారి. వరంగల్ నిట్‌లో కెమికల్ ఇంజినీరింగ్, కాకతీయ యూనివర్సిటీలో కెమిస్ట్రీ చదివినవాళ్లకు ఇది మరీ దూరపు సంగతేమీ కాదు.

బాక్సైట్‌ను కాస్టిక్‌లో ఉడికించి అల్యూమినా తీసే ఈ పద్ధతి కనిపెట్టింది ఆస్ట్రియాకు చెందిన కార్ల్ జోసెఫ్ బేయర్. 1880ల చివర్లో ఆయన సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పనిచేస్తున్నప్పుడు అల్యూమినా కావాల్సి వచ్చింది లోహం కోసం కాదు, నూలు అద్దకం కోసం. రంగు బట్టకు పట్టుకోవడానికి మన అద్దకంవాళ్లు పటిక వాడతారే, అదే అవసరం. నూటముప్పై ఏళ్లు దాటినా ప్రక్రియ పెద్దగా మారలేదు. బాక్సైట్‌ను పొడిచేసి వేడి కాస్టిక్‌లో ఉడికిస్తారు. గిబ్సైట్ రకం ఖనిజమైతే 140–150 డిగ్రీలు చాలు, బోహ్‌మైట్ రకమైతే 240 దాటాలి. కరగకుండా మిగిలిన ఎర్రటి బురదను, అంటే రెడ్ మడ్‌ను, వేరుచేస్తారు. తేటను చల్లార్చి, సన్నటి హైడ్రేట్ (అల్యూమినియం హైడ్రాక్సైడ్) స్ఫటికాలను విత్తనంలా వేస్తే వాటి మీద అల్యూమినా పేరుకుంటుంది. పెరుగు తోడు పెట్టినట్టే. హైడ్రేట్‌ను వడగట్టి సుమారు వెయ్యి డిగ్రీల దగ్గర కాలిస్తే తెల్లటి అల్యూమినా వస్తుంది. మిగిలిన స్పెంట్ లిక్కర్ చిక్కబడి మళ్లీ మొదటికి వెళ్తుంది.

ఆ మళ్లీ మొదటికి వెళ్లడంలోనే ఉంది చిక్కంతా. లిక్కర్‌ను పారబోయరు, ఏళ్ల తరబడి అదే తిరుగుతుంది. బాక్సైట్‌లో సేంద్రియ కర్బనం 0.1 శాతం ఉందనుకుందాం, అంటే చాలా తక్కువే. టన్ను అల్యూమినాకు రెండున్నర నుంచి మూడు టన్నుల బాక్సైట్ పడుతుంది. దాంతో రెండున్నర, మూడు కిలోల కర్బనం లోపలికొస్తుంది. ఏడాదికి పది లక్షల టన్నులు తీసే ప్లాంటులోకి 2,500 టన్నులకు పైనే వస్తుందన్నమాట. కొంత మడ్‌తో బయటికి పోతుంది, కొంత విరిగి విరిగి చివరకు సోడియం కార్బొనేట్ అవుతుంది. మిగిలింది పేరుకుంటూ, వచ్చేదీ పోయేదీ సమానమయ్యే దాకా పెరుగుతుంది. అందుకే పాత ప్లాంట్లలో లిక్కర్ టీ రంగు దాటి నల్లబడుతుంది, లీటరుకు పది, పదిహేను గ్రాముల సేంద్రియ కర్బనం ఉండటం వింతేమీ కాదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో జారా అడవుల కింద తవ్వే డార్లింగ్ రేంజ్ బాక్సైట్ ఈ విషయంలో పేరుమోసింది.

బాక్సైట్ ఒక్కటే కారణం కాదు. మడ్ త్వరగా దిగాలని ఒకప్పుడు స్టార్చ్, అంటే గంజి లాంటిదే, కలిపేవారు. ఇప్పుడు దాని చోట కృత్రిమ ఫ్లాక్యులెంట్లు, అంటే సన్నటి నలుసులను ముద్దకట్టించే రసాయనాలు, వచ్చాయి. నురగ అణచడానికి వేసేవీ, స్ఫటికం పెరగడానికి వేసేవీ కూడా సేంద్రియ పదార్థాలే.

దీనివల్ల నష్టం ఏమిటంటే, ముందు కాస్టిక్ వృథా. సేంద్రియ ఆమ్లాలన్నీ సోడాను పట్టుకుని కూర్చుంటాయి. ఆ సోడా లిక్కర్‌లో ఉన్నా అల్యూమినాను కరిగించే పనికి రాదు. లిక్కర్ జిగటగా మారుతుంది, నురగ లేస్తుంది. కొన్ని అణువులు విత్తన స్ఫటికాల మీద అతుక్కుని అల్యూమినా పేరుకోనివ్వవు. ఒంటి నిండా హైడ్రాక్సిల్ గుంపులున్న గ్లూకోనేట్ లాంటివి కొద్దిగా ఉన్నా దిగుబడి పడిపోతుంది. ఇక పెద్ద సేంద్రియ అణువులు విరిగితే మిగిలే చిన్న లవణం సోడియం ఆక్సలేట్ కథ వేరు. చిక్కటి కాస్టిక్‌లో దానికి కరిగే గుణం తక్కువ. పరిమితి దాటితే సూదుల్లాంటి సన్నటి స్ఫటికాలుగా, అదీ హైడ్రేట్ దించే ట్యాంకుల్లోనే రాలుతుంది. ఆ సూదుల మీద కొత్తగా సన్న హైడ్రేట్ పుట్టి సరుకు పిండిలా తయారవుతుంది. అల్యూమినా నుంచి లోహం తీసే స్మెల్టర్‌కు కావాల్సింది ఇసుక లాంటి అల్యూమినా. 45 మైక్రాన్ల కన్నా సన్నటిది పది శాతం దాటితే ధూళి లేస్తోందని, కొలిమిలో సరిగా కరగడం లేదని అక్కడినుంచి ఫోన్లు మొదలవుతాయి.

కాబట్టి కొలవాలి. ఏం కొలవాలి? ఈ ప్రశ్న దగ్గరే చాలామంది తొందరపడతారు. మొత్తం ఎంత కర్బనం ఉందన్నది ఒక ప్రశ్న, అది ఏయే రూపాల్లో ఉందన్నది ఇంకో ప్రశ్న. రెండిటికీ పరికరాలు వేరు, తప్పులూ వేరు. ఒకదానికి వచ్చిన జవాబును రెండోదానికి వాడితే ప్లాంటు తప్పుదారి పడుతుంది.

ఈ తేడా మన రైతులకు తెలియకుండానే తెలుసు. భూసార పరీక్ష కార్డులో సేంద్రియ కర్బనం అని ఒక గడి ఉంటుంది. 0.5 శాతం లోపైతే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ. ఆ అంకె చాలావరకు వాక్లీ–బ్లాక్ పద్ధతిలో వస్తుంది. మట్టికి డైక్రోమేట్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, ఎంత డైక్రోమేట్ ఖర్చయిందో టైట్రేషన్‌లో చూస్తారు. 1934 నాటి పద్ధతి. మట్టిలోని కర్బనం మొత్తం దీనికి దొరకదని, సగటున 77 శాతమే ఆక్సీకరణం చెందుతుందని దాన్ని తయారుచేసినవాళ్లే చెప్పి, వచ్చిన అంకెను 1.3తో గుణించమన్నారు. అంటే కార్డు మీద కనిపించేది కొంత కొలత, కొంత నమ్మకం. మట్టికి ఇది సరిపోతుంది. లిక్కర్‌కు ఇదే పద్ధతి పెడితే బోల్తా పడతాం.

రెండేసి కర్బన పరమాణువులున్న ఆక్సలేట్‌నూ ఎసిటేట్‌నూ పక్కపక్కన పెడితే కారణం తెలుస్తుంది. ఆక్సలేట్ అప్పటికే ముప్పావు వంతు కాలిపోయిన కట్టె లాంటిది, పూర్తిగా కార్బన్ డయాక్సైడ్ కావడానికి అర అణువు ఆక్సిజన్ చాలు. ఎసిటేట్‌కు రెండు అణువులు కావాలి. కర్బనం అంతే, ఆక్సిజన్ ఖర్చు నాలుగింతలు. పైగా ఎసిటేట్ డైక్రోమేట్‌కు ఒక పట్టాన లొంగదు, వెండి ఉత్ప్రేరకం పెడితే తప్ప. అందువల్ల ఆక్సిజన్ ఖర్చును బట్టి కర్బనం లెక్కగడితే, రెండు లిక్కర్లలో ఒకే అంకె వచ్చినా అసలు కర్బనం వేరువేరుగా ఉండొచ్చు.

అందుకే మొత్తం కర్బనానికి టీఓసీ (టోటల్ ఆర్గానిక్ కార్బన్, అంటే మొత్తం సేంద్రియ కర్బనం) యంత్రం వాడతారు. శాంపిల్‌ను కాల్చేసో, పర్‌సల్ఫేట్‌తో ఆక్సీకరించో, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను పరారుణ కాంతితో కొలుస్తుంది. సూత్రంగా చూస్తే లోపం లేదు. కానీ ఈ యంత్రాలు ఎక్కువగా నీళ్ల కోసం తయారైనవి. బేయర్ లిక్కర్ నీళ్లలా ప్రవర్తించదు.

లిక్కర్‌లో కార్బొనేట్ దండిగా ఉంటుంది, అది సేంద్రియం కాదు. దాన్ని ముందు పోగొట్టాలంటే ఆమ్లం కలిపి, గాలి బుడగలు పోనిచ్చి కార్బన్ డయాక్సైడ్‌గా తరిమేయాలి. ఈ దశను దగ్గర్నుంచి చూడాలి. ఆమ్లం చుక్కచుక్కగా పడుతుంటే మొదట ఏమీ కనిపించదు. కాస్టిక్ తటస్థమయ్యే సమయానికి ద్రావణం ఒక్కసారిగా పాలలా విరిగి, తెల్లటి జిగురు ముద్ద కడుతుంది. అది అల్యూమినియం హైడ్రాక్సైడ్. చుట్టూ ఉన్న సేంద్రియ అణువులను స్పాంజిలా పీల్చుకుంటుంది. అక్కడ ఆపకుండా గట్టిగా కలుపుతూ ఇంకా ఆమ్లం పోస్తే ఆ ముద్ద కరిగి మళ్లీ తేట అవుతుంది. హమ్మయ్య అనుకునేలోపు గోధుమ రంగు నలుసులు అడుగుకు దిగడం మొదలవుతుంది. ఇది హ్యూమిక్ యాసిడ్. దాని నిర్వచనమే అది: క్షారంలో కరుగుతుంది, pH ఒకటి, రెండుకు దిగితే విడిపోతుంది. యంత్రం సూది పైనున్న తేటను పీల్చుకుంటే ఆ నలుసుల్లోని కర్బనం లెక్కలోకి రాదు. తెర మీద అంకె మాత్రం నాలుగు దశాంశాలతో నిక్షేపంగా వస్తుంది.

పలుచన చేసి కొలిస్తే నలుసుల గొడవ తగ్గుతుంది. ఉత్ప్రేరకం, క్వార్ట్జ్ గొట్టం కూడా ఎక్కువ రోజులు ఆగుతాయి. సోడియం లవణాలు వేడి క్వార్ట్జ్‌ను తినేస్తాయి, గొట్టం తెల్లబారి పగులుతుంది. అందుకని వంద రెట్లు, రెండు వందల రెట్లు పలుచన చేస్తారు. కానీ పలుచన తప్పును కూడా పెంచుతుంది. వంద రెట్లు చేసినప్పుడు యంత్రంలో లీటరుకు ఒక మిల్లీగ్రాము తేడా వస్తే అసలు లిక్కర్‌లో అది 0.1 గ్రాము. ఐదు వందల రెట్లు చేస్తే అర గ్రాము. పిపెట్ కొనకు అంటుకున్న జిగట చుక్క కూడా లెక్కను కదిలిస్తుంది. ఈ లిక్కర్ నీళ్లకన్నా బరువు, జిగట ఎక్కువ. అందుకే ఘనపరిమాణంతో కాకుండా తూకంతో పలుచన చేసే ల్యాబ్‌ల అంకెలే ఎక్కువ నిలకడగా ఉంటాయి. పర్‌సల్ఫేట్ పద్ధతిలో ఇంకో మెలిక ఉంది. క్లోరైడ్ ఆక్సీకరణానికి అడ్డుపడుతుంది, కాబట్టి అక్కడ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోయకూడదు.

ఇక రెండో ప్రశ్న, ఏ రూపాల్లో ఉందన్నది. ఆక్సలేట్ విషయంలో బీఎస్సీ చదివిన ప్రతివాళ్లకూ ఒక పద్ధతి గుర్తుండే ఉంటుంది. వేడి ఆక్సాలిక్ ఆమ్లం మీద పర్మాంగనేట్ టైట్రేషన్. 60, 70 డిగ్రీలకు వేడిచేసి, మొదటి చుక్కల రంగు పోవడానికి ఎదురుచూసి, చివర్లో లేత గులాబీ నిలబడగానే ఆపడం. హనుమకొండ కాలేజీల ల్యాబుల్లో తరతరాలుగా చేస్తున్న ప్రయోగమే. 0.1 నార్మల్ పర్మాంగనేట్ ఒక మిల్లీలీటరు 6.7 మిల్లీగ్రాముల సోడియం ఆక్సలేట్‌కు సమానం. లీటరుకు మూడు గ్రాముల ఆక్సలేట్ ఉన్న లిక్కర్ పది మిల్లీలీటర్లు తీసుకుంటే బ్యూరెట్ నాలుగున్నర మిల్లీలీటర్ల దగ్గర ఆగాలి.

నేరుగా లిక్కర్ మీద చేస్తే మాత్రం ఆగదు. మిగతా సేంద్రియ పదార్థాలు కూడా పర్మాంగనేట్‌ను తింటాయి. అందుకని లిక్కర్‌ను ఆమ్లీకరించి, కాల్షియం లవణంతో ఆక్సలేట్‌ను విడగొట్టి, వడగట్టి, కడిగి, సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి అప్పుడు టైట్రేషన్ చేస్తారు. తెల్లగా ఉండాల్సిన అవక్షేపం చాయ్ మరకలా కనిపిస్తే హ్యూమిక్ పదార్థం దాంతో కలిసి వచ్చిందని, జవాబు ఎక్కువ వస్తుందని అర్థం. ఖర్చు తక్కువ, షిఫ్టులో రోజూ చేయొచ్చు. ఆ చాయ్ మరకను చూసే కన్ను ఉంటే చాలు, ఈ పాత పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది.

అయాన్ క్రొమటోగ్రఫీ వచ్చాక పని సులువైంది. 1975లో హామిష్ స్మాల్, ఆయన సహచరులు డౌ కంపెనీలో దీన్ని తెచ్చారు. పలుచన చేసిన శాంపిల్‌ను ఒక స్తంభం గుండా పంపితే అయాన్లు ఒకదాని తర్వాత ఒకటి బయటికొస్తాయి. ఎసిటేట్, ఫార్మేట్ ముందుగా, ఆక్సలేట్ బాగా వెనకగా. క్లోరైడ్, సల్ఫేట్ కూడా అదే పరుగులో తెలిసిపోతాయి. ఎసిటేట్, ఫార్మేట్ పక్కనే ఫ్లోరైడ్ ఉంటుంది, గ్రాఫులో అక్కడ శిఖరాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. సక్సినేట్, మాలేట్ లాంటి జంటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆక్సలేట్ సల్ఫేట్‌కు దగ్గరగా వస్తుంది. సల్ఫేట్ ఎక్కువైతే దాని తోక కింద చిన్న శిఖరం దాక్కుంటుంది. శాంపిల్‌లోకి తెలిసినంత ఆక్సలేట్ కలిపి, కలిపినదంతా తిరిగి కనిపిస్తోందా అని చూసుకోకపోతే ఆ చిత్రాన్ని నమ్మడానికి లేదు.

ఇప్పుడు రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టాలి. ఒక లిక్కర్‌లో టీఓసీ లీటరుకు పది గ్రాములు వచ్చిందనుకుందాం. క్రొమటోగ్రఫీలో సోడియం ఆక్సలేట్ 3 గ్రాములు, ఫార్మేట్ 4, ఎసిటేట్ 5, సక్సినేట్ 2 వచ్చాయనుకుందాం. కలిపితే 14 గ్రాములు కాబట్టి టీఓసీని దాటిపోయిందే అనిపిస్తుంది. కాదు, ఇవి లవణాల బరువులు. సోడియం ఆక్సలేట్‌లో కర్బనం 17.9 శాతమే, ఫార్మేట్‌లో 17.6, ఎసిటేట్‌లో 29.3, సక్సినేట్‌లో 29.6. కర్బనంగా మారిస్తే 0.54, 0.71, 1.46, 0.59, వెరసి 3.3 గ్రాములు. మిగిలిన 6.7 గ్రాములు ఎవరివి? పేరు తెలియనివి. పెద్ద హ్యూమిక్ ముక్కలు, బెంజీన్ వలయాల ఆమ్లాలు, సగం విరిగిన చక్కెరలు.

చాలా నివేదికల్లో ఈ మిగులు కనిపించదు. టీఓసీ ఒక పట్టికలో, ఆమ్లాలు ఇంకో పట్టికలో, ఒకటి కర్బనంగా, ఇంకోటి లవణంగా. మొదటిదాన్లోంచి రెండోదాన్ని తీసివేసి చూసేవాళ్లు ఉండరు. అసలు చూడాల్సింది ఆ తీసివేత ఫలితాన్నే. మూడు నెలల పాటు టీఓసీ పదే ఉండి, మిగులు మాత్రం 6.7 నుంచి 5కు తగ్గితే పెద్ద అణువులు చిన్నవిగా విరుగుతున్నాయని అర్థం. రంగు తగ్గుతుంది, చూడటానికి లిక్కర్ బాగుపడినట్టే ఉంటుంది. కానీ అదే సమయంలో ఆక్సలేట్ పెరుగుతూ ఉండొచ్చు.

ఇందులో ఇంకో మలుపు ఉంది. హ్యూమిక్ పదార్థం ఆక్సలేట్‌ను పట్టి ఉంచుతుంది. ఆక్సలేట్ మొలకల మీద అతుక్కుని వాటిని పెరగనివ్వదు. దాంతో కరగాల్సిన దానికన్నా ఎక్కువ ఆక్సలేట్ లిక్కర్‌లో నిలిచి ఉంటుంది. ఒక ప్లాంటులో లీటరుకు మూడు గ్రాములున్నా చీకూచింతా ఉండదు, ఇంకోచోట అంతే ఉండి రాత్రికి రాత్రే సూదులు రాలుతాయి. ఆక్సలేట్ ఎంత ఉందన్నదొక్కటే చూస్తే ఈ తేడా అందదు. దీనికి చవకైన పరీక్ష ఉంది. హైడ్రేట్ దించే ట్యాంకు వేడిలోనే లిక్కర్‌ను ఉంచి, కొద్దిగా సోడియం ఆక్సలేట్ పొడి వేసి గంటల తరబడి కలుపుతారు. ముందూ వెనకా ఆక్సలేట్ చూస్తారు. తగ్గితే లిక్కర్ పరిమితి దాటి ఉన్నట్టు. ఎంత తగ్గిందో అంత ప్రమాదం నెత్తిన పెట్టుకుని ప్లాంటు నడుస్తోందన్నమాట. హ్యూమిక్‌ను హడావిడిగా తొలగించే ప్లాంటు ఈ పరీక్ష చేయకుండా ముందుకెళితే చేజేతులా ఆక్సలేట్‌ను విడిపించినట్టవుతుంది.

ఇంత లెక్కా శాంపిల్ బాటిల్ దగ్గరే తారుమారు కావచ్చు. లిక్కర్‌ను వేడివేడిగా పడతారు. ల్యాబ్‌కు చేరేసరికి చల్లారుతుంది. సాయంత్రం దాకా బల్ల మీద ఉంటే అడుగున తెల్లటి పొర కడుతుంది. కొంత హైడ్రేట్, కొంత ఆక్సలేట్. పైనున్న తేటలోంచి పిపెట్ చేస్తే ఆక్సలేట్ తక్కువని రిపోర్టు వెళ్తుంది. వేడిగా ఉన్నప్పుడే వడగట్టి, అక్కడికక్కడే పలుచన చేస్తే ఈ బాధ తప్పుతుంది. ఉత్త నీళ్లతో పలుచన చేసినా కాస్టిక్ బలం తగ్గి అల్యూమినా రాలుతుంది కాబట్టి పలుచటి కాస్టిక్‌తోనే చేయాలి. బాటిల్ ప్లాస్టిక్‌దై ఉండాలి. గాజును కాస్టిక్ తింటుంది, గాజు మూతైతే బిగుసుకుపోయి రానే రాదు.

తీసేయడం గురించి చెప్పాలంటే కాగజ్‌నగర్ వైపు చూడొచ్చు. కాగితపు మిల్లులో కట్టెను కాస్టిక్, సల్ఫైడ్‌తో ఉడికించాక మిగిలే బ్లాక్ లిక్కర్ కూడా ఇదే జాతి: క్షారంలో కరిగిన చెట్టు. దాన్ని చిక్కబరిచి రికవరీ బాయిలర్‌లో కాల్చి, ఆవిరికి ఆవిరీ, సోడాకు సోడా తిరిగి రాబట్టుకుంటారు. అక్కడ సేంద్రియం ఇంధనం. అల్యూమినా లిక్కర్‌లో అది మండేంత చిక్కగా ఉండదు, బయటినుంచి ఇంధనం పోసి కాల్చాలి. కొన్ని రిఫైనరీలు లిక్కర్‌లో కొంత భాగాన్ని పక్కకు తీసి అలాగే కాలుస్తాయి. కొన్ని ఆక్సలేట్‌ను విడిగా స్ఫటికాలుగా తీసేస్తాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఆక్సలేట్‌ను బ్యాక్టీరియాకు తినిపించే పద్ధతి కూడా ఉంది. ఏది ఎంచుకున్నా ఖర్చు కోట్లలో ఉంటుంది, కాబట్టి పెద్ద అణువుల మీద పెట్టాలా, ఆక్సలేట్ మీద పెట్టాలా అన్నది పైన చెప్పిన తీసివేత చూడకుండా తేల్చేది కాదు.

రిఫైనరీ లేని వరంగల్‌లో కూడా ఈ కొలతను నేర్చుకోవచ్చు. అల్యూమినియం హైడ్రాక్సైడ్‌ను వేడి కాస్టిక్‌లో కరిగించి, సోడియం కార్బొనేట్, ఆక్సలేట్, ఫార్మేట్, ఎసిటేట్ తూకం వేసి కలిపితే నకిలీ లిక్కర్ సిద్ధం. అల్యూమినియం ముక్కలు వేయకూడదు, హైడ్రోజన్ ఎగదన్నుతుంది. ఎరువుల దుకాణం నుంచి హ్యూమిక్ డబ్బా తెచ్చి, ముందే దాని కర్బనం విడిగా చూసుకుని, కొలిచి కలపాలి. ఇప్పుడు లోపల ఎంత కర్బనం ఉందో కాగితం మీద రాసి ఉంది. టీఓసీ యంత్రంలో పెడితే మొదటిసారి అంత రాదు, తక్కువే వస్తుంది. ఆ తక్కువైనది ఎక్కడికి పోయిందో వెతకాలంటే ఆమ్లం పోసిన గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి అడుగున చూడాలి.